అడగాల్సింది మనమే

ఏరోబిక్ జిమ్నాస్టిక్స్‌లో ఒక రొటీన్ నిడివి దాదాపు 80 సెకన్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ఫ్లోర్ మీద, జోరుగా సాగే పాటకి, ఎక్కడా ఆగకుండా చెయ్యాలి. మార్చ్, జాగ్, స్కిప్, నీ లిఫ్ట్, కిక్, జంపింగ్ జాక్, లంజ్ అనే ఏడు అడుగుల మీదే ఆటంతా నడుస్తుంది. వాటి మధ్యలో ఒంటిచేతి పుష్-అప్‌లు, రెండు అరచేతుల మీద ఒళ్లంతా లేపి పట్టుకునే సపోర్ట్‌లు, గాల్లో కాళ్లు బార్లా చాపే జంప్‌లు, స్ప్లిట్‌లు వస్తాయి. ఇంతా చేస్తూ ముఖంలో ఆయాసం కనపడనివ్వకూడదు.

చూసేవాళ్లకి ఇది డాన్స్‌లా కనిపిస్తుంది. "డాన్సే కదా మేడం, దీనికి డాక్టర్లూ లెక్కలూ ఎందుకండీ?" అని ఓ తండ్రి నన్ను అడిగారు. ఆయన మనసులో ఏమీ లేదు, తెలియకే అడిగారు. ఈ వారం రాస్తున్నది ఆయనకీ, ఆయనలాగే సాయంత్రం పూట హాలు బయట బండి మీద కూర్చుని పిల్లల కోసం ఎదురుచూసే అమ్మానాన్నలందరికీ.

ముందు ఈ ఆట పుట్టుక సంగతి. అమెరికా వైమానిక దళంలో వైద్యుడిగా పనిచేసిన కెన్నెత్ కూపర్ 1968లో 'ఏరోబిక్స్' పుస్తకం రాశారు. గుండెకీ ఊపిరితిత్తులకీ మేలు చేసే పరుగు, ఈత, సైకిలు లాంటి వ్యాయామాలని లెక్కగట్టి చెప్పిన పుస్తకం అది. ఆ ఊపులోంచి పాటల మీద చేసే ఫిట్‌నెస్ క్లాసులు వచ్చాయి, వాటిలోంచి పోటీ ఆట వచ్చింది. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దీన్ని తన గొడుగు కిందకి తీసుకుని 1995లో పారిస్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిపింది. ఒలింపిక్స్‌లో లేదు గానీ వరల్డ్ గేమ్స్‌లో ఉంది.

ఆ పుట్టుక నుంచే ఒక అలవాటు కూడా వచ్చింది. స్టామినా పెరగాలంటే గ్రౌండ్ చుట్టూ అరగంట పరుగెత్తించడం. చాలా హాళ్లలో ఇప్పటికీ అదే పద్ధతి. కానీ ఒంట్లో జరిగేది వేరు. పాల్ గాస్టిన్ అనే పరిశోధకుడు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2001లో ఒక సమీక్ష రాశారు. ఒంట్లో ఉన్న శక్తినంతా పెట్టి చేసే పనిలో, ఆక్సిజన్‌తో వచ్చే శక్తీ, ఆక్సిజన్ లేకుండా కండరంలోనే పుట్టే శక్తీ ఇంచుమించు 75 సెకన్ల దగ్గర సగం సగం అవుతాయని ఆ సమీక్ష చెబుతుంది. మన రొటీన్ 80 సెకన్లు. అంటే పిల్లలు సరిగ్గా ఆ రెంటి సరిహద్దులో ఆడుతున్నారు. పాట మొదలైన నిమిషానికి తొడలు బరువెక్కుతాయి, మోచేతులు వణుకుతాయి, కాలు ఎత్తాల్సినంత ఎత్తుకి లేవదు. అది బద్ధకం కాదు, రక్తంలో లాక్టేట్ పేరుకుపోయే స్థాయి పని వల్ల వచ్చే అలసట. దానికి అరగంట జాగింగ్ ఒక్కటే మందు కాదు. రొటీన్‌ని ముక్కలు చేసి, ఇరవై ముప్ఫై సెకన్లు పూర్తి వేగంతో చేయించి, మధ్యలో తగినంత విశ్రాంతి ఇచ్చి, తర్వాత సగం రొటీన్, ఆ తర్వాతే మొత్తం చేయించాలి. పరుగు వద్దని కాదు. రెండు ప్రయత్నాల మధ్య తొందరగా తేరుకోవడానికి అది పనికొస్తుంది. కానీ పునాదినే ఇల్లనుకుంటే కష్టం.

ఇక దెబ్బల సంగతి. ఈ ఆటలో షుషునోవా అని ఒక అంశం ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచిన సోవియట్ జిమ్నాస్ట్ ఎలీనా షుషునోవా పేరు మీద పిలుస్తారు. గాల్లోకి ఎగిరి, కాళ్లు చాపి, అక్కడి నుంచే ఒళ్లు ముందుకి వాల్చి, అరచేతులూ కాలివేళ్లూ ఒక్కసారిగా నేలకి ఆనించి పుష్-అప్‌లో దిగాలి. ఆ క్షణంలో పిల్ల మణికట్టుని చూడండి. అరచెయ్యి నేలకి పరుచుకుని ఉంటుంది, ముంజెయ్యి దాని మీద నిట్టనిలువుగా ఉంటుంది, పైనుంచి ఒళ్లంతా వచ్చి ఆ మడత మీద పడుతుంది. మణికట్టు బరువు మొయ్యడానికి పుట్టిన కీలు కాదు.

ఎదిగే పిల్లల్లో ముంజేతి ఎముక చివర, బొటనవేలి వైపు, మెత్తటి గ్రోత్ ప్లేట్ ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పదే పదే ఒత్తిడి పడితే దెబ్బతినేది కూడా అదే. కళాత్మక జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో సగం కంటే ఎక్కువ మందికి మణికట్టు నొప్పి ఉన్నట్టు తేలింది. మరీ అశ్రద్ధ చేస్తే ఆ ఎముక ఎదుగుదల ముందే ఆగిపోయి, పక్క ఎముక దానికంటే పొడవైపోతుంది. ఆ తేడా జీవితాంతం ఉంటుంది.

పిల్లలు నొప్పని చెప్పరు. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని భయం. కానీ చూసే కళ్లకి తెలుస్తుంది. దిగగానే చెయ్యి విదిలించుకుంటుంది. వార్మప్‌లో అందరూ అరచేతుల మీద పుష్-అప్ చేస్తుంటే ఆ పిల్ల ఒక్కతే పిడికిళ్ల మీద చేస్తుంది. అది నాకు కనిపించిన రోజు ఇంక ఆ అమ్మాయికి చేతుల మీద దిగే అంశాలేవీ ఉండవు. బొటనవేలి వైపు ఎముక చివర నొక్కితే చురుక్కుమంటోందా అని చూసి, ఎముకల డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఇంట్లో బెణికిందనుకుని నూనె రాసి గట్టిగా రుద్దుతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

పిల్లల ఒంటి మీద పడే భారాన్ని కనిపెట్టడం ల్యాబ్ ఉంటేనే సాధ్యమని కొందరు కోచ్‌లు అంటారు. నేను ఒప్పుకోను. కార్ల్ ఫోస్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతికి కావాల్సింది రూళ్ల పుస్తకం, పెన్ను. ప్రాక్టీసు అయిన అరగంటకి పిల్లని అడగాలి: ఇవాళ ఎంత కష్టంగా ఉంది, సున్నా నుంచి పది వరకూ చెప్పు. ఏడు అందనుకోండి. తొంభై నిమిషాలు చేసింది కాబట్టి 630. అదీ ఆ రోజు ఒంటి మీద పడ్డ లోడ్. వారం వారం కూడుకుంటూ పోవడమే. ఈ పద్ధతితో చేసిన అధ్యయనాల్లో ఒక విషయం బయటపడింది, దాన్ని ప్రతి కోచ్ గోడ మీద రాసుకోవాలి: కోచ్ తేలిక అనుకుని ఇచ్చిన రోజున ఆటగాళ్లు కోచ్ అనుకున్నదానికంటే ఎక్కువ కష్టపడుతున్నారు. మనం ఇచ్చామనుకున్న విశ్రాంతి వాళ్లకి అందడం లేదు.

ఈ లెక్కల మీద కూడా గుడ్డి నమ్మకం పనికిరాదు. ఈ వారం లోడ్‌ని గత నాలుగు వారాల సగటుతో భాగించి, ఆ నిష్పత్తి 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే దెబ్బలు తక్కువ అనే మాట కొన్నేళ్లు మారుమోగింది. తర్వాత గణాంక నిపుణులు ఆ నిష్పత్తిలోనే లోపాలున్నాయని గట్టిగా చూపించారు. నేను ఆ భాగహారం వదిలేశాను గానీ పుస్తకం వదల్లేదు. దసరా సెలవుల్లో పది రోజులు ఊరెళ్లి వచ్చిన పిల్లకి, వచ్చిన రోజే పూర్తి రొటీన్ చేయించకూడదని చెప్పడానికి ఏ నిష్పత్తీ అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే బెంగ పెట్టేది తిండి. ఈ ఆటలో 12 నుంచి 14 ఏళ్లు ఒక విభాగం, 15 నుంచి 17 ఇంకోటి, 18 దాటితే సీనియర్లు. ఆడపిల్ల ఒళ్లు మారేది సరిగ్గా ఆ వయసులోనే. బిగుతు కాస్ట్యూము, జడ్జీల చూపు, పక్క పిల్లతో పోలిక. "మేడం, పిల్ల కొంచెం ఒళ్లొచ్చిందండీ, రాత్రి అన్నం మాన్పించమంటారా?" అని తల్లులు నెమ్మదిగా నా చెవిలో అడుగుతారు.

వద్దమ్మా. ఎందుకో లెక్క చెబుతాను. 45 కిలోల పిల్లలో కొవ్వు తీసేస్తే 36 కిలోల ఒళ్లు ఉందనుకుందాం. ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త యువతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, వ్యాయామానికి ఖర్చైంది పోగా కొవ్వు లేని ఒంటి బరువులో కిలోకి రోజుకి 30 కిలో కేలరీల కంటే తక్కువ మిగిలితే, నెలసరిని నడిపించే హార్మోన్ల లయ చెదిరిపోతుంది. కిలోకి 45 మిగిలితే నిశ్చింత. మన పిల్ల ప్రాక్టీసులో 400 ఖర్చు చేస్తుందనుకుంటే, తినాల్సింది 2,020. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం సగం మిగిల్చిన క్యారేజీ, రాత్రి అన్నం బదులు ఒక పండు అంటూ 1,400 తింటే ఒంటికి మిగిలేది కిలోకి 28 కూడా కాదు. ఈ 30 అనేది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి, అది నిజమే. కానీ ప్రమాదం ఎటువైపు ఉందో స్పష్టమే. పైగా ఆ పిల్ల చిక్కినట్టు కనిపించకపోవచ్చు. ఒళ్లు తక్కువలో సర్దుకుని, మిగతా పనులు ఒక్కొక్కటే ఆపేస్తుంది. ముందు నెలసరి, ఆ వెనకే ఎముక.

ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టి, తన వివరణని 2018లోనూ 2023లోనూ సవరించింది. మగపిల్లలకీ వస్తుందని కూడా చెప్పింది. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో పావు వంతు, పిల్లలు జోరుగా ఎత్తు పెరిగే ఆ రెండేళ్లలోనే చేరుతుంది. ఆ రెండేళ్లు రాత్రన్నం మాన్పిస్తే ఏం పోతుందో తల్లికి చెబితే, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తదు. బ్రిటన్‌లో జిమ్నాస్టిక్స్ మీద ఆన్ వైట్ 2022లో ఇచ్చిన నివేదిక చదివాను. అందరి ముందూ పిల్లల బరువు తూచి అవమానించడం గురించి అందులో వివరంగా ఉంది. మా హాల్లో తూకం మిషను లేదు, ఉండదు.

మన దగ్గర ఇంకొకటి కలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువున్న పిల్ల రొటీన్ చివర కూలబడితే "స్టామినా లేదు, ఇంకో నాలుగు రౌండ్లు కొట్టు" అంటాం. ఆ పిల్లకి కావాల్సింది రౌండ్లు కాదు, రక్తపరీక్ష. స్కూళ్లు తెరిచే జూన్‌లో ఒకసారి, పోటీల ముందు ఒకసారి చేయిస్తే చాలు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసిన ఆహార పట్టికలు ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని అందులో చూసుకోవచ్చు. రాగి జావ, గుడ్డు, ఆకుకూర పప్పు మీద నిమ్మరసం, సాయంత్రం జామకాయ. అన్నం తినగానే టీ వద్దు, అది ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. డబ్బాల్లో అమ్మే పౌడర్ల కోసం అప్పు చెయ్యక్కర్లేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ ఆటలో మాత్రం అడగాల్సింది పిల్లలు కాదు, మనం. నా పుస్తకంలో నిద్ర ఎన్ని గంటలు అని ఒక గడి. ఆ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి, ట్యూషన్ల పుణ్యాన ఆరు దాటని వాళ్లే ఎక్కువ. నొప్పి ఎక్కడ అని ఇంకో గడి. చివరి గడిలో నెలసరి వచ్చిన రోజు పిల్లలే ఒక చుక్క పెడతారు. మూడు నెలలు చుక్క లేకపోయినా, పదిహేనేళ్లు నిండినా ఇంకా మొదలవకపోయినా, తల్లితో మాట్లాడి డాక్టరు దగ్గరికి పంపిస్తాం. కోచ్‌ల్లో మగవాళ్లే ఎక్కువ. వాళ్లని తప్పు పట్టడం లేదు. కానీ ప్రతి హాల్లో ఈ మాట చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి ఉండాలి, పీఈటీ మేడమో, సీనియర్ అమ్మాయో, ఒక తల్లో. ఆ పేజీ ఎవరి కంట పడకూడదో కూడా ముందే తేల్చుకోవాలి.

ఈ ఆట మీద జరిగిన పరిశోధన, కళాత్మక జిమ్నాస్టిక్స్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు చిన్న చిన్న గుంపుల మీద చేసినవే. మన విశ్వవిద్యాలయాల్లో వ్యాయామ విద్యలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఈ మాట వింటే బాగుండు. మీకు కావాల్సిన అంశం ఇక్కడుంది. రండి, సాయంత్రం ఐదుకి హాలు తెరుస్తాం. మణికట్లు చూడండి, హిమోగ్లోబిన్ చూడండి, క్యారేజీలు తూచండి. ముందు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, పిల్లల పేర్లు బయటికి రానివ్వకండి. థీసిస్ ఏ భాషలో రాసుకున్నా ఫరవాలేదు. ఏం తేలిందో మాత్రం మళ్లీ ఈ హాలుకి వచ్చి, పిల్లల్ని కూర్చోబెట్టి, తెలుగులో చెప్పి వెళ్లండి.