చేర్యాల పటానికి కెమెరా అమరిక

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పటాలు గోడకు తగిలించే బొమ్మలుగా పుట్టినవి కావు. కులపురాణం చెప్పే కథకుడు పటం చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ కథ నడిపేవాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఆ కోవకే చెందుతారు. పాత పటాలు సుమారు మూడడుగుల వెడల్పుతో ఉంటాయి, నలభై అడుగులు దాటినవీ ఉన్నాయి. ఫొటో తీసేవారికి మొదటి చిక్కు ఆ పొడవే. దూరంగా నిలబడి మొత్తం ఒకే ఫొటోలో ఇరికిస్తే కళ్లూ నగలూ మసకబారిపోతాయి.

అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలనుకుంటే మూడడుగుల వెడల్పుకు 10,800 పిక్సెళ్లు పడతాయి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా పొడుగు వైపు ఇచ్చేది 6,000. అంటే అడ్డంగా రెండు ఫొటోలు తీయాలి. ఒక్కోదానిలో 20 అంగుళాలు పడితే మధ్యలో నాలుగు అంగుళాలు రెండింటిలోనూ వస్తాయి. తర్వాత అతికించడానికి ఆ మేర చాలు.

వైడ్ యాంగిల్ లెన్సు ఇక్కడ పనికిరాదు. పటంలో ఒక ఘట్టాన్నీ మరో ఘట్టాన్నీ విడదీసే అంచుపట్టీలు తిన్నని గీతలు. అవి వంగితే ఇట్టే తెలిసిపోతుంది. అంచు దాకా ఒకే పదును ఇచ్చే మాక్రో లెన్సు మేలు, అపర్చరు ఎఫ్/8 దగ్గర. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 20 అంగుళాలు పట్టడానికి 100 మి.మీ. లెన్సుకు మీటరున్నర దూరం, 60 మి.మీ. లెన్సుకు తొంభై సెంటీమీటర్లు కావాలి. ఈ తేడా చిన్నదేమీ కాదు. ఎందుకంటే పటాన్ని వేలాడదీయకూడదు. ఖాదీ బట్టకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి చేసిన పొర బరువుకు సాగితే పగులుతుంది. కాబట్టి చదునైన బల్లపై పరిచి, కెమెరాను పైన బిగించి, పటాన్నే మెల్లగా జరపాలి. అంత ఎత్తు స్టాండు దొరకనిచోట 60 మి.మీ.యే సుఖం.

కెమెరా బల్లకు సమాంతరంగా ఉందో లేదో చూడటానికి కెమెరాకు సూటిగా కింద, బల్లపై చిన్న అద్దం పెడితే చాలు. లెన్సు ప్రతిబింబం ఫ్రేము నడిమధ్యన కనబడాలి.

దీపాలు రెండు, ఇరువైపులా 45 డిగ్రీల కోణంలో, ఒకే రకానివి. జిగురు మెరుస్తుంటే దీపాలకూ లెన్సుకూ పోలరైజరు తొడగాలి. అసలు పరీక్ష చేర్యాల పటాల ఎరుపు నేపథ్యానిది. ఆటో వైట్ బ్యాలెన్సు ఆ ఎరుపును చూసి రంగులన్నిటినీ నీలం వైపు లాగుతుంది, ఎరుపు చానలు మిగతా వాటికంటే ముందే నిండిపోతుంది. బూడిదరంగు కార్డుతో బ్యాలెన్సు కుదిర్చి, రా ఫార్మాటులో తీసి, హిస్టోగ్రాము ఎరుపు గీతను విడిగా చూసుకోవాలి. ప్రతి వరుసలో రంగుల పట్టీ ఒకటి ఉంచితే తర్వాత సరిపోల్చుకోవచ్చు.

చుట్టిన మడతలు, రాలిన సుద్ద కూడా పటం చరిత్రలో భాగమే. కంప్యూటరులో వాటిని చెరపడం దండగమారి పని. అవి స్పష్టంగా కావాలంటే ఒక దీపాన్ని పక్కనుంచి వాలుగా పెట్టి మరోసారి తీసి, ఆ ఫొటోలను వేరే ఫైళ్లుగా దాచాలి.