పాత్ర మరవడం, కథ మరవడం: ‘కార్తీక దీపం’ ధారావాహికలో కథాస్మృతి

టెలివిజన్ ధారావాహికల మీద మనకున్న కొద్దిపాటి విమర్శ దాదాపుగా రెండు ఆక్షేపణల చుట్టూ తిరుగుతుంది. కథను సాగదీస్తారన్నది ఒకటి, సంఘటనలు నమ్మదగినట్లు ఉండవన్నది మరొకటి. రెండూ నిజమే. అయితే తెలుగు ప్రేక్షకుల అసంతృప్తికి మూలం అక్కడ లేదని నా అభిప్రాయం. సుదీర్ఘ కథనం మనకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలుగా సాగాయి. కథలో కథ, అందులో మరొక కథ వస్తున్నా తరాల పాఠకులు వాటిని ఇష్టంగా చదివారు. ఇక అసహజత మాటకు వస్తే, పరకాయప్రవేశాలను, శాపవిమోచనాలను ఆనందంగా విన్న శ్రోతకు ఒక వైద్యురాలి కుట్ర ఏపాటిది?

నిత్యం ధారావాహిక చూసేవారి నోట వినిపించే ఫిర్యాదు వేరు. “అది ఎప్పుడో తేలిపోయింది కదా, మళ్లీ ఇదేమిటి?”, “అప్పుడు అన్న మాట ఈవిడకు గుర్తే లేదా?” అని వారు అడుగుతారు. ఇవి సాగతీత మీద వచ్చే ప్రశ్నలు కావు. కథ తన గతాన్ని తానే పట్టించుకోకపోవడం మీద వచ్చే ప్రశ్నలు. ముందు జరిగిన సంఘటన తరువాతి సంఘటనల మీద, పాత్రల మాటల మీద, నిర్ణయాల మీద బరువు మోపగలగడాన్ని ఈ వ్యాసంలో ‘కథాస్మృతి’ అని వ్యవహరిస్తున్నాను. స్టార్ మాలో 2017 అక్టోబర్ 16 నుంచి 2023 జనవరి 23 వరకు 1569 భాగాలుగా ప్రసారమైన ‘కార్తీక దీపం’ ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం నా ఉద్దేశం.

అమెరికన్ సోప్ ఒపెరాల మీద 1985లో ‘స్పీకింగ్ ఆఫ్ సోప్ ఒపెరాస్’ అనే గ్రంథం రాసిన రాబర్ట్ సి. అలెన్ చేసిన ప్రతిపాదన ఒకటి ఇక్కడ ఉపకరిస్తుంది. ఒకే వార్తను ఒక పాత్ర పదిమందికి చెబుతున్నప్పుడు కొత్తగా చూసేవారికి అది పునరుక్తిగానే తోస్తుంది. ఏళ్ల తరబడి చూసినవారికి అలా కాదు. చెప్పేవారెవరు, వినేవారెవరు, వారిద్దరి నడుమ గతంలో ఏం నడిచింది అన్నది వారికి తెలుసు కనుక ప్రతి పునరుక్తిలోనూ వారు కొత్త అర్థాన్ని అందుకుంటారు. ఈ ప్రక్రియకు ఆస్తి దాని గతమేనన్నమాట. ఆ గతాన్ని తీసివేస్తే మిగిలేది నిజంగానే పునరుక్తి.

బీజం, బిందువు

‘కార్తీక దీపం’ స్వతంత్ర రచన కాదు. ఏషియానెట్‌లో 2014లో మొదలైన మలయాళ ధారావాహిక ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. అక్కడ నాయికగా నటించిన ప్రేమి విశ్వనాథ్ తెలుగులోనూ దీప పాత్ర ధరించారు. కథాబీజం స్పష్టమైనది, బలమైనది. దీప నల్లని పిల్ల. సవతి తల్లి ఇంట పెరిగింది. సంపన్నురాలైన సౌందర్యకు నలుపంటే ఏహ్యం. ఆమె కొడుకు, హృద్రోగ వైద్యుడు కార్తీక్, దీపను కోరి పెళ్లాడతాడు. పెళ్లిచూపుల్లో రంగు మాట రాని ఇల్లు అరుదుగా ఉన్న సమాజంలో, ప్రకటనల్లో ఫెయిర్‌నెస్ క్రీములు ఏలుతున్న అదే తెర మీద, నల్లని స్త్రీని నాయికగా నిలబెట్టడం చిన్న విషయం కాదు. (ఆ నలుపు నటికి మేకప్‌తో పూసిన నలుపు అన్నది వేరే చర్చ, ఆ ఒక్క అంశమే ఒక వ్యాసానికి సరిపోతుంది.)

ధనంజయుని దశరూపకం చెప్పిన అర్థప్రకృతులలో బీజం తరువాతిది బిందువు. ఓరుగల్లు నీడలో పుట్టిన విద్యానాథుని ప్రతాపరుద్రీయంలోని నాటక ప్రకరణం వల్ల ఈ పరిభాష మన అలంకారశాస్త్ర అధ్యయనంలోనూ స్థిరపడింది. అవాంతర విషయం అడ్డుపడి ప్రధాన కథ తెగినప్పుడు దానిని తిరిగి కలిపేది బిందువు. అవాంతర విషయం రాకూడదని శాస్త్రం చెప్పలేదు. వస్తుందనే ఊహించి, తెగిన దారాన్ని అందుకునే ఏర్పాటు చెప్పింది. రోజువారీ ధారావాహికకు ఇంతకంటే తగిన సూత్రం మరొకటి కనిపించదు.

‘కార్తీక దీపం’లో తెగిన దారం తెగినట్లే ఉండిపోయింది. కార్తీక్‌ను కోరుకున్న మోనిత అతనికి సంతానయోగ్యత లేదని నమ్మించడం, దానితో అతడు దీప గర్భాన్ని శంకించడం, దీప ఇల్లు విడవడం, కవలలలో హిమ తండ్రి ఇంటిలోను, శౌర్య తల్లి దగ్గర పెరగడం, దీప వంటలు చేసి బతుకుతూ ‘వంటలక్క’ కావడం వరుసగా జరుగుతాయి. ఇవన్నీ ఆకట్టుకునే ఘట్టాలే. కాని ఈ క్రమంలో నలుపు ప్రశ్న ఏమైంది? మోనిత కుట్రకు దీప రంగుతో అవసరం లేదు. నాయిక తెల్లనిదైనా ఆ కుట్ర అట్లాగే నడుస్తుంది. పతాకగా ఉండవలసిన ప్రతినాయిక వృత్తాంతం ప్రధాన కథను మింగివేసింది. వర్ణవివక్ష కథకు గుమ్మంగా మిగిలింది గాని ఇరుసు కాలేదు.

సౌందర్య పాత్ర ఈ నష్టానికి మంచి ఉదాహరణ. నలుపును ఏవగించుకున్న అత్త క్రమంగా అదే కోడలి పక్షాన నిలబడుతుంది. ఒక గొప్ప పాత్రచిత్రణకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ ఏహ్యం ఆమెకు ఎక్కడినుంచి వచ్చింది, ఎట్లా వదిలింది, వదిలిన తరువాత తన పాత మాటలు తనకే ఎదురైతే ఆమె ఏమంటుంది? ఈ ప్రశ్నలకు వందల భాగాల నిడివి ఉంది. కథ వాటిని అడగలేదు. సౌందర్య మారింది, మారకముందటి సౌందర్య ఎన్నడూ లేనట్లుగా తక్కిన కథ నడిచింది. తన రంగు మీద మాటలు పడి పెరిగిన అమ్మాయి ఈ ధారావాహికను మొదటి రోజు చూసినప్పుడు దానిలో ఒక వాగ్దానం వినివుంటుంది. ఆ వాగ్దానాన్ని కథ ఖండించలేదు, చెల్లించనూ లేదు. జ్ఞాపకం పెట్టుకోలేదు, అంతే.

ద్రౌపది కురులు

ఏళ్ల తరబడి సాగే కథలో రచయితలు మారుతుంటారు, అన్నీ గుర్తుపెట్టుకోవడం సాధ్యమా అని ఒక సమాధానం వినిపిస్తూ ఉంటుంది. దీనిని ఆంధ్రమహాభారతం పక్కన నిలిపి చూడాలి. సభాపర్వం నన్నయది, ఉద్యోగపర్వం తిక్కనది. నడుమ రెండు శతాబ్దాల ఎడం. కథలో పదమూడేళ్లు గడిచాయి. భీముడు సైతం సంధి మాట ఆడిన తరువాత ద్రౌపది కృష్ణుని ఎదుట తన కురులు చూపుతుంది. సభలో జరిగినది ఆ క్షణంలో మళ్లీ జరిగినంత పని అవుతుంది, రాయబారం ఫలం ఏమిటో శ్రోతకు అక్కడే తెలిసిపోతుంది. మూలం వ్యాసునిది కనుక ఆ గొప్ప అనువాదకులది కాదనవచ్చు. కాని మూలం చేతిలో ఉన్నంత మాత్రాన స్మృతి నిలవదనడానికి మలయాళ మూలం ఉన్న మన ధారావాహికే సాక్ష్యం. తిక్కన ఆ ఘట్టాన్ని అంత శ్రద్ధగా తీర్చడానికి కారణం, నన్నయ శ్రోతలే తనకూ శ్రోతలన్న ఎరుక.

‘కార్తీక దీపం’ చేతికీ అటువంటి ఘట్టం అందివచ్చింది. తన గర్భంలోని బిడ్డ కార్తీక్ బిడ్డేనని మోనిత ప్రకటించే సందర్భం అది. కృత్రిమ గర్భధారణ అన్న రహస్యం తరువాత తెలుస్తుంది. ఒకప్పుడు కార్తీక్ ఒక వైద్య నివేదికను నమ్మి భార్య మాటను కాదన్నాడు. ఇప్పుడు తన మాటను నమ్మమని భార్యను వేడుకోవలసిన స్థితి అతనికే వచ్చింది. రెండు గర్భాలు, రెండు నిందలు, తారుమారైన స్థానాలు. ఏళ్ల క్రితం తాను అడిగిన ప్రశ్ననే తాను ఎదుర్కొంటున్న మనిషిని చిత్రించే అవకాశం ఏకకథ చలనచిత్రానికి దొరకదు. ప్రేక్షకులతో కలిసి ఏళ్లు గడిపిన ధారావాహికకే దొరుకుతుంది. అక్కడక్కడ ఒక మాట వినిపించినా, కథ దానిని నడకగా మార్చుకోలేదు. మళ్లీ సాక్ష్యాలు, అరెస్టులు, దొంగ మరణాల వైపు పరుగెత్తింది.

మరపు రెండు తీరులు

2022లో వచ్చిన మలుపులు ఈ చర్చను మరొక మెట్టు ఎక్కిస్తాయి. ఆ ఏడాది మార్చిలో కారు ప్రమాదంలో దీప, కార్తీక్ మరణించినట్లు చూపి కథను ఒక తరం ముందుకు దూకించారు. హిమ వైద్యురాలైంది, అక్కచెల్లెళ్ల నడుమ వైరం పెరిగి, శౌర్య జ్వాల అనే పేరుతో ఆటో నడుపుతుంది. కొన్ని నెలలకే దీప బతికి ఉందన్నారు, కార్తీక్ గతం మరచి మోనిత దగ్గర ఉన్నాడన్నారు. పెద్దవారైన పిల్లలు మళ్లీ చిన్నపిల్లలై తెర మీదికి వచ్చారు.

ఇక్కడ రెండు మరపులు పక్కపక్కన ఉన్నాయి. కార్తీక్ మరపు పాత్ర మరపు. అది మన సాహిత్యానికి అత్యంత పరిచితమైన వస్తువు. అభిజ్ఞాన శాకుంతలంలో దుష్యంతుడు మరిచాడు, ప్రేక్షకుడు మరవలేదు. శాపం సంగతి ప్రేక్షకునికి తెలుసు, ఉంగరం సంగతి తెలుసు. రాజు మరపుకూ మన జ్ఞాపకానికీ నడుమ ఉన్న ఆ ఎడంలోనే ఐదవ అంకం రసమంతా ఉంది. జ్ఞాపకం తిరిగివచ్చాక ఆరవ అంకం పొడవునా రాజు దానికి మూల్యం చెల్లిస్తాడు. పెరిగిన పిల్లలు తిరిగి చిన్నవారు కావడం ఆ కోవలోనిది కాదు. ఇక్కడ పాత్ర ఏదీ మరవలేదు, కథ మరచింది. నెలల పాటు చూసిన ఒక తరం జీవితాన్ని చూడనట్లే భావించమని ప్రేక్షకులను కోరింది. అమెరికాలో ‘డాలస్’ ధారావాహిక 1986లో మరణించిన బాబీ పాత్రను తిరిగి తేవడానికి ఒక ఏడాది కథ మొత్తాన్ని పామెలా కలగా తేల్చింది. అది నేటికీ నవ్వులాటే. అయినా అక్కడ కల అన్న వంకైనా ఉంది; గతాన్ని రద్దు చేయాలంటే కారణం చెప్పవలసి ఉంటుందన్న మర్యాద ఉంది.

కార్తీక్ పశ్చాత్తాపపడడని నేను అనడం లేదు. దీప నిర్దోషి అని తెలిసినప్పుడు అతడు కుమిలిపోతాడు. కాని ఆ కుమిలిపోవడం తరువాతి కథను నడిపించదు. భర్త శంకించగా బిడ్డను ఒంటరిగా పెంచిన ఇల్లాలి కథ వినగానే తెలుగు ప్రేక్షకులకు ఉత్తర రామాయణం, ‘లవకుశ’ గుర్తుకురాక తప్పదు. అక్కడ సీత తిరిగి అయోధ్యకు రాదు. జరిగినదాని బరువు కథను భూమిలోకి తీసుకుపోయేంత ఉంది. దీప తిరిగి రావడం తప్పు కాదు, ప్రేక్షకులు కోరుకున్నదీ అదే. తిరిగి వచ్చిన ఇంటిలో ఆ ఏళ్లన్నీ ఎక్కడ కూర్చున్నాయో మాత్రం కథ చూపలేదు.

పాఠం, ప్రతి, పాఠకురాలు

వారానికి ఆరు రోజుల ప్రసారం, వారం వారం వచ్చే టీఆర్పీ, నటుల రాకపోకలు, 2020 లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన చిత్రీకరణ మొదలైన ఒత్తిళ్లు తెలిసినవే. గడువు ఒత్తిడి వారపత్రికల ధారావాహిక నవలకూ ఉండేది. అసలు ‘రాజశేఖర చరిత్రము’ కూడా మొదట వివేకవర్ధనిలో ధారావాహికగా వచ్చినదే. భేదం ఒకటుంది. నవల చివరకు పుస్తకమవుతుంది. మొదటి ప్రకరణం, ఇరవయ్యో ప్రకరణం ఒకే అట్టల మధ్య పాఠకుల చేతికి వస్తాయన్న సంగతి రచయితకు ముందే తెలుసు. టెలివిజన్ ధారావాహికకు చాలాకాలం ఆ భయం లేదు. ప్రసారమైన భాగం ఆవిరైపోయేది, ‘గత భాగంలో’ అంటూ చూపే తునకలు నిన్నటి వరకే పనికివచ్చేవి. హాట్‌స్టార్ వంటి వేదికలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. భాగానికి 20 నిమిషాల చొప్పున లెక్కించినా 520 గంటలు దాటే ఈ కథను ఇప్పుడు ఎవరైనా మొదటినుంచి చూడవచ్చు, రెండు భాగాలను పక్కపక్కన పెట్టి సరిచూడవచ్చు. పాఠం గ్రంథస్థమైంది, రచన మాత్రం ఇంకా ఆవిరయ్యే పాఠానికి తగినట్లే సాగుతోంది.

బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా వంతలు ఉంటారు. సందేహం వచ్చినచోట అడ్డుపడి అడుగుతారు, కథకుడు జవాబు చెప్పి ముందుకు పోతాడు. ధారావాహికకు వంతలు లేరు. ఆ పని ఇంటింటా స్త్రీలు చేస్తున్నారు. ఏ పాత్ర ఎవరికి ఏ మాట ఇచ్చిందో, ఏ నిజం ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో పొల్లుపోకుండా చెప్పగల ప్రేక్షకురాలు ప్రతి వీధిలోనూ ఉంది. ఆమె సూచిక, ఆమె కోశం. మన విశ్వవిద్యాలయాలు తాళపత్ర ప్రతుల పాఠభేదాలకు ఇచ్చే గౌరవంలో కొంత ఈ జ్ఞాపకానికి ఇవ్వకపోవడం వల్ల, కోట్లమంది విన్న ఈ కథలకు నమ్మదగిన కథానుక్రమణికలు సైతం మన శాఖల్లో తయారు కాలేదు.

2024 మార్చిలో ‘కార్తీక దీపం 2’ మొదలైంది. అదే ప్రేమి విశ్వనాథ్, అదే నిరుపమ్ పరిటాల, అవే దీప, కార్తీక్ పేర్లు; దీప కూతురి పేరు శౌర్యే. అయితే ఈ దీప, ఈ కార్తీక్ ఒకరికొకరు అపరిచితులుగా మొదలవుతారు. మొదటి ధారావాహికతో కథాసంబంధం లేదు. ముఖాలను గుర్తుపెట్టుకొని జీవితాలను మరవమన్న కోరిక ఇది. దీనిని పరిశోధించేవారు ముందుగా ఒకటి తేల్చుకోవాలి: 1569 భాగాల పాత కథ దీనికి పూర్వపాఠమా, కాదా? నిర్మాతల లెక్కలో కాకపోవచ్చు. నా మట్టుకు నేను పూర్వపాఠంగానే తీసుకుంటున్నాను. కొత్త కథలో దీప మొదటిసారి తెర మీదికి వచ్చిన రోజున ప్రేక్షకులు చూసింది ఎవరో తెలియని స్త్రీని కాదు, ఐదేళ్లకు పైగా తమ ఇంట తిరిగిన వంటలక్కను.