వెంకటేశం ఎత్తు

ఏకపాత్రాభినయం పోటీ అనగానే మన బళ్లలో పిల్లలు గద పట్టుకుని మయసభలోకి దూకేస్తారు. 1977లో 'దానవీరశూరకర్ణ' వేసిన ముద్ర అట్లాంటిది. దుర్యోధనుడికి గొంతుంటే గట్టెక్కేస్తాడు. గిరీశానికి చెవులు కావాలి. ఈ సంగతి బుర్రకెక్కడానికి నేను పుంగనూరు దాకా పోవాల్సొచ్చింది.

గురజాడ 'కన్యాశుల్కం' మొదట ఆడింది 1892లో. 1909లో తిరగరాసిన నాటకం గిరీశం ఒంటరి మాటలతోనే మొదలవుతుంది. ఆ మనిషి ఇప్పుడు మా మదనపల్లెలో దిగి, సంఘం ఎంత మారిందో చూసి, స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు పెడితే ఎట్లుంటుందని అరగంట ఆట రాసుకున్నాను. (1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది ఈ ఊరి బిసెంట్ కాలేజీలోనే. గిరీశం ఆ గొప్ప కూడా తన ఖాతాలో వేసుకుంటాడు లెండి.)

సామాను ఒక కుర్చీ, ఒక చుట్ట, ఒక ఫోను. గిరీశం శిష్యుడు వెంకటేశం మాత్రం గాల్లో ఉంటాడు. వాడు నా చొక్కా రెండో బొత్తం ఎత్తు. మాట్లాడినప్పుడల్లా చూపు అక్కడికే దిగాలి. మాట మర్చిపోయి తడుముకున్నానా, చూపు పైకి లేస్తుంది, పిల్లాడు ఆరడుగులైపోతాడు. మాట తప్పితే జనం మన్నిస్తారు గానీ వెంకటేశం పెరిగితే ఊరుకోరు.

పుంగనూరులో కుర్చీ వైపు వంగి, "ఇప్పుడు ఆడపిల్ల వెల ఎంత పలుకుతోందోయ్?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆగాను. రెండో వరసలోంచి ఒక పెద్దావిడ, "ఇప్పుడు రేటంతా మొగపిల్లోడికే నాయనా" అంది. కట్నాన్ని చట్టం 1961లోనే నిషేధించింది. ఆవిడ మాత్రం టమోటా ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. పందిరి కింద నవ్వు ఆగలేదు. ద్రౌపదమ్మ తిరునాళ్లలో మట్టి దుర్యోధనుణ్ని చీపుళ్లతో బాదే సీమ మాది. వేషంతో మాట కలపడం వాళ్లకు కొత్తా?

నేనేం చేశాను? ఆవిడ మాట కాజేసి, కుప్పంలో గిరీశం చేతే అనిపించాను. ఒక్కరూ నవ్వలేదు. తమిళం, కన్నడం కలగలిసి వినిపించే ఊరు కదా, యాస అందలేదేమోనని దారి పొడుగునా సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. గిరీశం కట్నాల గురించి బాధపడే రకమా? లెక్క తిరగబడిందని తెలిస్తే తన కమీషను ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుంటాడు. ఆ మాట అన్నది నేను. చేతిలో చుట్ట ఉండగానే వేషం విప్పేసి ఉపన్యాసానికి దిగాను.

ఆ మాట కొట్టేశాను. ప్రశ్న ఉంది, చెవి దగ్గర చెయ్యి ఉంది, ఐదు లెక్కపెట్టేంత సేపు మౌనం ఉంది. కొన్ని ఊళ్లలో అది అట్లాగే గడిచిపోతుంది, వీపు మీద చెమట కారుతుంది. కిందటి వారం మదనపల్లెలో మాత్రం నేల మీద కూర్చున్న పిల్లోడొకడు అరిచాడు:

"ఫోన్‌పేనా సార్, క్యాషా?"