సత్రం, తొట్టి, గాడి: తెలుగు లూకా సువార్తలో క్రిస్మస్ పరమార్థం

క్రైస్తవ విశ్వాసంలో క్రిస్మస్‌కు పరమార్థం శరీరధారణ. ఆదిలో ఉన్న వాక్యం మానవదేహం ధరించి మనుషుల మధ్య నివసించిందన్నది యోహాను సువార్త చెప్పే తత్త్వం. దేవునితో సమానుడు తన్ను తాను రిక్తుణ్ణి చేసుకుని దాసుని రూపం ధరించాడన్నది ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పే తత్త్వం. ఈ రెండూ సిద్ధాంత వాక్యాలు. తెలుగు పల్లెలోని విశ్వాసికి మాత్రం క్రిస్మస్ ఈ వాక్యాల ద్వారా చేరలేదు. లూకా సువార్త 2:7లోని కొన్ని మాటల ద్వారా చేరింది. ఆ వచనంలో తొలిచూలు ఉంది, పొత్తిగుడ్డలు ఉన్నాయి, సత్రము ఉంది, పశువుల తొట్టి ఉంది. సిద్ధాంతం చేయవలసిన పనిలో చాలా భాగం ఈ మాటలే చేశాయి. అవి ఏ పని చేశాయో, ఏ పని చేయలేకపోయాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు నేపథ్యంగా కడప జిల్లాలోని ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాన్ని తీసుకోవడమైనది.

ఈ ప్రాంతాన్ని తీసుకోవడానికి కారణం ఉంది. విశాఖపట్నంలో క్రాన్, డెగ్రాంజి అనే లండన్ మిషనరీ సొసైటీ బోధకులు ఆనందరాయరు సహాయంతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. తెలుగులో మొదట అచ్చయిన సువార్తలలో లూకా ఒకటి. అదే సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. 19వ శతాబ్ది రెండో సగంలో ఈ జిల్లాలోని మాలవాడలు గుంపులు గుంపులుగా క్రైస్తవం స్వీకరించాయి. జమ్మలమడుగులో వెలసిన కాంప్‌బెల్ ఆసుపత్రి ఆ చరిత్రకు నేటికీ కనిపించే గుర్తు. అంటే ఇక్కడ లూకా జనన కథనాన్ని మొదట విన్న శ్రోతలలో అధిక భాగం ఊరికి వెలుపల నివసించేవారు. వారి చెవిన పడిన 'సత్రము' నిఘంటువులోని సత్రం కాదు.

పై వచనంలోని పదజాలాన్ని గమనిస్తే ఒక విభజన కనిపిస్తుంది. తొలిచూలు, పొత్తిగుడ్డలు, తొట్టి అచ్చ తెలుగు మాటలు. అవి ఇంట్లో, దొడ్లో పుట్టి పెరిగినవి. పొత్తిగుడ్డలంటే బాలింత ఇంట్లోని పాత మెత్తని గుడ్డలు. కొత్త బట్ట కాదు, కొన్న బట్ట కాదు. ఆ కుటుంబానికి చోటు దొరకని స్థలం పేరు మాత్రం సంస్కృత సమం: సత్రము. అది దాతల పేరున నడిచే సంస్థ, ధర్మం అనే భావంతో ముడిపడిన కట్టడం. బిడ్డకు దక్కినవన్నీ దేశిపదాలలోనూ, దక్కనిది తత్సమంలోనూ ఉండటం అనువాదకులు బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటని చెప్పడానికి ఆధారం లేదు. తెలుగు భాషలోని సామాజిక నిర్మాణం ఆ వాక్యంలోకి దానంతట అదే వచ్చి చేరిందనడం సబబు.

ఆ కాలంలో ఈ సీమలో సత్రం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'ను మించిన తెలుగు ఆధారం అరుదు. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన వీరాస్వామయ్య ఒంటిమిట్ట, కడపల మీదుగా అహోబిలం వైపు సాగాడు. మజిలీ మజిలీకీ సత్రం ఉన్నదీ లేనిదీ, నీటి వసతి, అంగళ్ళు, దిగడానికి తగిన తావు అతడు నమోదు చేస్తూ పోయాడు. బాటసారికి సత్రం ఎంత ప్రాణప్రదమో ఆ గ్రంథం పుటపుటనా తెలుపుతుంది. ఆ సత్రాలు ఎవరికి తెరుచుకోవో చెప్పవలసిన అవసరం దానికి కలగలేదు. చెప్పకపోవడమే ఆ వ్యవస్థ ఎంత సహజంగా చలామణి అయిందో చెబుతుంది. స్వాతంత్ర్యానంతరం 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అని పేరుపేరునా పేర్కొని ప్రవేశ నిషేధాన్ని నేరంగా ప్రకటించవలసి వచ్చిందంటే, అప్పటికీ ఆ తలుపులు మూసే ఉన్నాయన్నమాట.

ఈ నేపథ్యంలో వింటే లూకా వాక్యానికి మూలంలో లేని తీవ్రత వస్తుంది. మరియ యోసేపులకు సత్రంలో స్థలం లేకపోవడానికి జనసమ్మర్దం కారణమని సాధారణ వ్యాఖ్యానం. మాలవాడ శ్రోతకు ఆ కారణం అక్కర్లేదు. సత్రంలో చోటు లేదనడానికి అతనికి తెలిసిన కారణం ఒక్కటే. లోకరక్షకుడు తన వంటివాడై పుట్టాడన్న ఎరుక అతనికి ఈ ఒక్క పదం వల్ల కలిగి ఉంటుందనడం అతిశయోక్తి కాదు. గుర్రం జాషువా 'గబ్బిలం' 1941లో వెలువడింది. అందులోని అరుంధతీ సుతుడు గుడిలోకి పోలేక, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలం చేత కాశీ విశ్వనాథునికి కబురు పంపుతాడు. ఆ కావ్యంలో మూసుకున్నది గుడి, లూకాలో మూసుకున్నది సత్రం. ఆ జాషువాయే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఈ రెండు కావ్యాలనూ సాధారణంగా వేర్వేరు అధ్యాయాలలో చర్చిస్తారు. ఒకటి సామాజిక కావ్యమనీ, మరొకటి మతకావ్యమనీ. ప్రవేశం నిరాకరించబడిన మనిషి దైవంతో ఏమి మాట్లాడాలన్న ప్రశ్న ఒక కావ్యంలో, ప్రవేశం నిరాకరించబడిన దైవం మనిషితో ఏమి మాట్లాడిందన్న ప్రశ్న మరొక కావ్యంలో ఉన్నాయని గుర్తిస్తే ఈ విభజన నిలవదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. లూకా గ్రీకు మూలంలో 2:7లో వాడిన పదం 'కతాల్యుమ'. ఇదే పదం 22:11లో మళ్ళీ వస్తుంది. అక్కడ యేసు శిష్యులతో కడపటి పస్కా భోజనం చేయదలచిన గది అది. తెలుగు బైబిలు అక్కడ 'విడిది గది' అన్నది. నిజంగా పూటకూటి ఇల్లు చెప్పవలసిన చోట, అంటే మంచి సమరయుని ఉపమానంలో (10:34), లూకా వేరే పదం వాడాడు. తెలుగు అనువాదం కూడా దానిని పూటకూళ్ళవాని ఇల్లు అని సరిగానే పట్టుకుంది. కాబట్టి 2:7లోని పదానికి బసగది, చుట్టాల గది అన్న అర్థమే దగ్గర. పశ్చిమాసియా పల్లెలలో ఏళ్ళ తరబడి నివసించిన కెన్నెత్ బెయిలీ వంటి పండితులు ఈ విషయాన్ని విస్తరించి చూపారు. పాలస్తీనా రైతు ఇల్లు ఒకే పెద్ద గది. వాకిలి దగ్గర పల్లపు భాగంలో రాత్రిపూట పశువులను కడతారు, మిట్ట భాగంలో మనుషులు పడుకుంటారు. రెండింటి అంచున మేత వేసే తొట్టి ఉంటుంది. చుట్టాల గది నిండిపోవడంతో బిడ్డను ఇంటివారి నడుమనే, మేత తొట్టిలో పడుకోబెట్టారని ఆ వివరణ.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు పాత మట్టిమిద్దెలను ఎరిగినవారికి ఈ ఇంటి నమూనా కొత్త కాదు. రైతు ఇంట్లో వాకిలి దాటగానే ఒక పక్కన ఎద్దుల గాడి, మెట్టెక్కితే మనుషుల చోటు. కప్పు ఒక్కటే. పండుగనాడు చర్చిలలో కట్టే పశువుల పాకకు లూకాలో ఆధారం లేదు; ఆ వచనంలో ఉన్నది తొట్టి మాత్రమే. ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్న పాక, మంచు కురిసే రాత్రి, పూరికప్పు మీద నక్షత్రం అన్న దృశ్యం ఐరోపా చిత్రకళ నుంచి గ్రీటింగ్ కార్డుల మీదుగా వచ్చింది. కడప మిద్దె ఆ చిత్రం కంటే లూకాకు చేరువ.

ఇప్పుడు ప్రశ్న ఇది. సత్రం అన్న అనువాదం ఆంగ్ల బైబిలు వెంట వచ్చిన పొరపాటే అయితే, ఆ పదం మీద నిలిచిన విశ్వాసానుభవం కూడా కూలిపోతుందా? మూలానికి కట్టుబడే పండితుడు అవునంటాడు. ఆ తీర్పు తొందరపాటు. అనువాదంలోని పదం తప్పినా, లూకా సువార్త మొత్తం నడిచే దారి తప్పలేదు. ఆ సువార్తలో జననవార్త మొదట చేరింది పొలంలో రాత్రి మంద కాసే కాపరులకు. సీమలో పంట కోసిన చేలలో ఎరువు కోసం గొర్రెల మందలను రాత్రిపూట నిలపడం వాడుక. ఆ రాత్రి కాపలా ఎవరి వంతో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. అలాగని సత్రం దగ్గరే ఆగిపోయే వ్యాఖ్యానం కూడా చాలదు. అది క్రిస్మస్‌ను నిరాకరణ కథగా మాత్రమే మిగులుస్తుంది. దైవాన్ని జాలిపడవలసిన అనాథగా మారుస్తుంది. చర్చి వేదికల మీద ఏటా పిల్లలు వేసే నాటకంలో సత్రం యజమాని అనే పాత్ర ఉంటుంది. లూకాలో అతడు లేడు. దోషం మోపడానికి ఒక మనిషి దొరికితే, ప్రేక్షకుడు తనకు తాను నిర్దోషిగా ఇంటికి పోవచ్చు.

ఈ సందర్భంలో 'అవతారం' అన్న పదాన్ని కూడా పరిశీలించాలి. తెలుగు క్రైస్తవ సాహిత్యం మొదటి నుంచీ దేశీయ తత్త్వపరిభాషతోనే నడిచింది. 18వ శతాబ్దికి చెందిన మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ప్రబంధంగా చెప్పి దానికి 'వేదాంత రసాయనం' అని పేరు పెట్టాడు. 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగతాళాలతో ఆరాధనలోకి వచ్చాయి. ఈ ఒరవడిలో క్రీస్తు జననాన్ని అవతరణ అనడం సహజమైంది. కానీ అవతారకథల కాంతి వేరు. ఒంటిమిట్ట తనవాడని చెప్పుకునే పోతన దశమ స్కంధంలో చెరసాలలో పుట్టిన బిడ్డ మొదట చతుర్భుజాలతో, శంఖచక్రాలతో దేవకీవసుదేవులకు కనిపిస్తాడు. ఆ తరువాతనే సామాన్య శిశువవుతాడు. అక్కడ మహిమ ముందు, మరుగు తరువాత. లూకాలో బిడ్డ దగ్గర మహిమ లేనే లేదు. వెలుగంతా పొలంలో కాపరుల చుట్టూ ఉంది. తొట్టి దగ్గర ఏ వెలుగూ ఉన్నట్టు లూకా చెప్పలేదు. దూత కాపరులకు ఇచ్చిన గుర్తును తెలుగు బైబిలు 'ఆనవాలు' అన్నది. రామకథ ఎరిగిన తెలుగు శ్రోతకు ఆనవాలంటే అంగుళీయకం, చూడామణి. రాజకులాన్ని పట్టి ఇచ్చే వస్తువు. ఇక్కడ ఆనవాలు పాతగుడ్డల్లో చుట్టిన పసికందు మేత తొట్టిలో ఉండటం. దైవాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చిన గుర్తులో దైవత్వం ఏమీ లేదు. పౌలు మాటకు తెలుగు బైబిలు ఎన్నుకున్న 'రిక్తుడు' అన్న పదం ఈ దృశ్యానికి సరిపోయినట్టు 'అవతారం' సరిపోదు. దిగిరావడం వేరు, ఖాళీ కావడం వేరు.

ఆ ఖాళీకి స్థానం తొట్టి. దానికి గ్రీకు పదం 'ఫాత్నే'. లూకా ఈ పదాన్ని కూడా మరోచోట వాడాడు, 13:15లో. తెలుగు బైబిలు 2:7లో దానిని తొట్టి అన్నది, 13:15లో గాడి అన్నది. యెషయా 1:3లో ఇదే అర్థంలో వచ్చిన హీబ్రూ పదాన్ని దొడ్డి అన్నది. క్రిస్మస్ చిత్రాలలో బిడ్డ పక్కన ఎద్దూ గాడిదా నిలబడటానికి మూలం లూకా కాదు, యజమానిని ఎరిగిన ఎద్దునూ గాడిదనూ ఎత్తిచూపి తన ప్రజ ఎరగలేదని వాపోయిన ఈ యెషయా వాక్యమే. మూడుచోట్ల మూడు పదాలు పడటం వల్ల తెలుగు పాఠకుడికి ఈ బంధం తెగిపోయింది. కతాల్యుమ విషయంలోనూ ఇదే జరిగింది: పుట్టినప్పుడు దొరకని విడిది గది చివరి భోజనానికి దొరికిందన్న లూకా అల్లిక తెలుగులో కనిపించదు. సత్రం అన్న పదం ఒక సామాజిక అర్థాన్ని ఇచ్చి, ఒక కథనసూత్రాన్ని తీసుకుపోయింది.

2:7లోనూ గాడి అని ఉంటే ఏమయ్యేదన్నది వృథా ఊహ కాదు. ఈ సీమలో సత్రంలో చోటు లేని మనిషికి రైతు ఇంటి గాడి దగ్గర చోటు ఉండేది. జీతగాడుగా కుదిరిన మాలమాదిగ పిల్లవాడు పేడ తీసేది అక్కడ, మేత వేసేది అక్కడ, రాత్రి పడుకునేది కూడా చాలా ఇళ్ళలో అక్కడే. మెట్టెక్కి పైకి వెళ్ళే హక్కు అతనికి లేదు. కప్పు ఒక్కటే అయినా ఇల్లు రెండు. బెయిలీ వివరణలో పశువుల పల్లానికీ మనుషుల మిట్టకూ నడుమ ఉన్నది ఒక మెట్టు. కడప మిద్దెలో ఆ మెట్టు కులం. బిడ్డను ఆ అంచున, గాడిలో, పడుకోబెట్టారన్నప్పుడు జీతగాడికి కలిగే అర్థం నిరాకరణ కాదు, జాలి కాదు. తను రోజూ చేతులతో శుభ్రం చేసే చోటుకే దైవం వచ్చిందన్న అర్థం. సత్రం అన్న పదం అతనికి లేని చోటును చూపింది. గాడి అతనికి ఉన్న చోటును చూపేది.

13:15 సందర్భం కూడా మరువదగినది కాదు. 18 ఏళ్ళుగా నడుము వంగి నిటారుగా నిలబడలేని స్త్రీని విశ్రాంతి దినాన స్వస్థపరచినందుకు సమాజమందిరపు అధికారి కోపగించాడు. యేసు అతనికి జవాబు చెబుతూ గాడిని ఉదాహరణగా తెచ్చాడు: మీలో ప్రతివాడూ ఆ దినాన కూడా ఎద్దును గాడి నుంచి విప్పి నీళ్ళకు తోలుకుపోతాడు కదా, అయితే ఈమె కట్లు విప్పకూడదా అని. తను పుట్టినప్పుడు పడుకున్న వస్తువు పేరును లూకా యేసు నోట పెట్టినది ఈ ఒక్కచోటనే. అక్కడ దాని పక్కనే ఉన్న క్రియ విప్పడం.