దరఖాస్తులో అమ్మ ఎక్కడ?

సామాజిక విధానంలో పిహెచ్.డి.కి దరఖాస్తు పెట్టుకుందామని గరివిడిలో కూర్చుని పరిశోధన ప్రతిపాదన రాశాను. విషయం 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం, అందులో స్త్రీలు. ఆ పథకం కింద చెరువు పనికెళ్లిన అమ్మకి చదివి వినిపించాను. "ఇందల నానెక్కడున్నానే?" అంది. నిజమే, పేజీల నిండా 'లబ్ధిదారులు'. ఆ పని చేసినవాళ్లు తమని 'వేతనదారులు' అనుకుంటారు. ఒక మాటలో దానం ఉంది, ఇంకోదాంట్లో చెమట ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మళ్లీ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ గొంతుతోనే మాట్లాడతారు, పోరాటం ఆగాక మళ్లీ ఇళ్లకే చేరాల్సి వచ్చిన బాధతో సహా. ఆ పుస్తకం బలం అదే. అయినా ఒక ప్రశ్న మిగిలింది. చెప్పిన గొంతూ అచ్చుకెక్కించిన చేయీ వేరైనప్పుడు 'మన'లో ఎవరెవరున్నట్టు?

ప్రశ్న నామీదికే తిరిగింది. డాక్టరు అన్న మాట నా పేరు ముందే చేరుతుంది. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే, వాళ్లని చూసే స్త్రీకీ కూలి ఇవ్వాలని ఆ చట్టం రాసుకుంది. పిల్లల్ని చూడటం కూడా పనేనని ఒప్పుకుంది. నా ప్రతిపాదనలో ఆ ఊసే లేదు.

మళ్లీ రాస్తున్నాను. పంపేముందు అమ్మకి చదివి వినిపించాలి.