ఆయుధం దానమవుతుందా?

1940లో డంకిర్క్ వద్ద ఆయుధాలు వదిలి బ్రిటిష్ సేన తిరిగొచ్చింది. ఆ నవంబరులో ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది: బ్రిటిష్ ఇళ్ల రక్షణకు పిస్తోళ్లు, రివాల్వర్లు, రైఫిళ్లు కానుకలుగా పంపండని.

ఆ ప్రకటనలో ఇల్లు కనిపిస్తుంది. తూటా తగిలే మనిషి కనిపించడు. నాజీ దాడి ముంగిట నిలిచినవారి ఆత్మరక్షణను మేము తప్పుపట్టం. ఆ కానుకకు దానమనే గౌరవం ఇవ్వడమే మాకు అభ్యంతరం. బుద్ధుడు ఉపాసకులకు ఆయుధ వ్యాపారం వద్దన్నాడు. ధర లేదు గనుక ఇది వ్యాపారం కాదనవచ్చు. కానీ ‘మిలింద పన్హ’లో మిలింద రాజు దానం కాని పది దానాలను చెబుతూ మద్యం, విషం, సంకెళ్లతో పాటు ఆయుధాన్నీ లెక్కించాడు. ధర పోయినా ఆయుధం చేసే పని మారదు.

పిస్తోలు పంపేవారు దాన్ని యుద్ధసాయమనే చెప్పాలి. అన్నానికీ మందుకూ ఉన్న పేరును దానికి తగిలించకూడదు.