ద్వారం వెంకటస్వామినాయుడు: వాదకుడి కీర్తి, ఆచార్యుడి కృషి

వ్యాససంగ్రహం: ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) వాయులీన విద్వాంసుడిగా సుప్రసిద్ధుడు. ఆయన ప్రతిభను చాటే కథలకు దక్కిన ప్రచారం ఆయన బోధనకు దక్కలేదు. ఈ వ్యాసం ఆయన వాదనాన్నీ, ఆచార్యత్వాన్నీ కలిపి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వాయులీనం, కమాను, గాత్రధర్మం, విజయనగరం, సంగీత కళాశాల.

1. ప్రవేశిక:
బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన వెంకటస్వామినాయుడు అన్న వెంకటకృష్ణయ్య వద్ద ఫిడేలు నేర్చారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు కాగా, నాయుడుగారు వాయులీనాచార్యులయ్యారు. 1936లో అధ్యక్షపదవి ఆయనకే వచ్చింది. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ గౌరవాలు లభించాయి.

2. రెండు కథలు:
ఆయన జీవితాన్ని చెప్పేవారు తరచుగా రెండు ఘట్టాలను ఎత్తుకుంటారు. విద్యార్థిగా చేరడానికి వచ్చిన యువకుడిని నేరుగా ఆచార్యుడిగా నియమించారన్నది మొదటిది. 1952లో మద్రాసులో యెహుదీ మెనూహిన్ ఆయన వాదనం విని ముగ్ధుడయ్యాడన్నది రెండోది. మొదటి కథలో విద్య పుట్టుకతో వచ్చిన వరమవుతుంది; రెండో కథలో దాని విలువను పాశ్చాత్యుడు నిర్ణయిస్తాడు. వేదికకూ తరగతికీ మధ్య ఏళ్ల తరబడి సాగిన సాధన రెండింటిలోనూ కనిపించదు. అభిమానంతో చెప్పినా, ఈ కథలు విమర్శకు ఆధారాలు కాలేవు.

3. వాదనరీతి:
వాయులీనం ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచుకున్నారు. కింద కూర్చుని, వాద్యం కొనను కుడిపాదం మీద ఆనించడంతో ఎడమచేతికి భారం తగ్గి, గమకాలకు కావలసిన జారుడు సులువైంది. అయితే ఎడమచేతికి వచ్చిన ఈ స్వేచ్ఛ కుడిచేతి సమస్యను తీర్చదు. కమాను దిశ మారిన చోట నాదం తెగవచ్చు. కృతిలో ఆ తెగింపు మాట మధ్యలో పడితే సాహిత్యార్థం చెదురుతుంది. పాశ్చాత్య వాదనాన్ని ఆసక్తితో విన్న నాయుడుగారు కమానును నిండుగా, పొడవుగా లాగే పద్ధతిని గాత్రధర్మానికి వినియోగించారు. ఆయన తీసుకున్నది పాశ్చాత్య నాదసాధన. చెప్పించినది మన కృతి. అందుకే దీనిని అనుకరణ అనడం పొరపాటు. ప్రక్కవాద్యంగా పేరుపడిన ఫిడేలుతో ఆయన 1938లో వేలూరులో తనియావర్తన కచేరీ చేయడానికి ఈ నాదపుష్టే బలమిచ్చిందని భావించవచ్చు. గాయకుడు లేకుండా కచేరీ నిలవాలంటే వాద్యమే గొంతు కావాలి.

4. ఆచార్యత్వం:
గురుకులంలో శిష్యుడు గురువుతోనే ఉంటాడు. కళాశాలలో గంటలు, పాఠ్యప్రణాళిక, పరీక్షలు ఉంటాయి. ఈ చట్రంలో బాణీ నిలుస్తుందా అన్నది అసలు ప్రశ్న. 1940లో ఇక్కడ చేరిన నేదునూరి కృష్ణమూర్తి ద్వారం నరసింగరావునాయుడు వద్ద గాత్రం, వాయులీనం రెండూ అభ్యసించి, గాయకుడిగా 1991లో సంగీత కళానిధి అయ్యారు. ఫిడేలు పాఠం గాయకుడి స్వరజ్ఞానాన్ని కూడా పదును పెట్టగలదనడానికి ఇది బలమైన నిదర్శనం. ఘంటసాల, పి. సుశీల వంటివారు కూడా ఈ కళాశాలలోనే చదివి చలనచిత్ర సంగీతంలో స్థిరపడ్డారు. అయితే వీరందరినీ ఒక్కరి శిష్యులుగా లెక్కించడం న్యాయం కాదు. పట్రాయని సీతారామశాస్త్రి వంటి ఇతర ఆచార్యుల వాటాను అది చెరిపేస్తుంది. నాయుడుగారి ఘనత సంస్థను ఒక్కరి నీడలో ఉంచకుండా నడపడంలో కూడా ఉంది.

మరోవైపు, ఆయన వాయులీన బాణీని మోసినవారిలో కుమార్తె మంగతాయారు వంటి కుటుంబసభ్యులే ప్రముఖంగా కనిపిస్తారు. స్వరజ్ఞానాన్ని కళాశాల చాలామందికి పంచగలిగింది. నాదాన్ని పంచడానికి మాత్రం ఇంటి సాన్నిహిత్యం అవసరమైంది. ఇది ఆయన లోపం కాదు, సంస్థాగత విద్యకున్న పరిమితి.

5. ముగింపు:
మూడు, నాలుగు నిమిషాల గ్రామఫోను రికార్డులో కళాకారుడి సంక్షిప్తత తెలుస్తుంది గాని, రాగవిస్తారం పూర్తిగా తెలియదు. కనుక రికార్డులను, శిష్యుల వాదనాన్ని, కళాశాల పాఠ్యక్రమాన్ని కలిపి చదివినప్పుడే ద్వారంవారి స్థానం స్పష్టమవుతుంది. ఉత్తరాంధ్ర సంగీతచరిత్రకు ఇప్పుడు కావలసింది మరో ప్రశంస కాదు, ఆ తరగతి గది చరిత్ర.